సొంత కొండలను సొమ్ము పెట్టి కొనుక్కున్న ఊరు

మన పండుగల గురించి, మన పెద్దల పోరాటాల గురించి మనం తరచూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోదామనుకున్నాం. అమెరికా తూర్పు భాగంలో ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిపోయే అపలాచియన్ పర్వతాలున్నాయి. మన తూర్పు కనుమల మాదిరే అవి కూడా చాలా పాత కొండలు. వానకు గాలికి అరిగి, గుండ్రబడి, ఒళ్లంతా అడవి కప్పుకుని ఉంటాయి. పొద్దున్నే లోయల్లోంచి పొగ లాంటి మంచు లేస్తుంది కనుక ఆ వరుసలో ఒక భాగాన్ని స్మోకీ పర్వతాలు అంటారు. ఆ కొండల దక్షిణపు అడుగున, నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఓకొనలఫ్టీ అనే ఏటి ఒడ్డున ఒక చిన్న ఊరుంది. ఊరి పేరు చెరోకీ. అక్కడి ఆదివాసీ తెగ పేరు కూడా అదే.

అపలాచియా అనగానే బొగ్గు గనులు, పేద తెల్లజాతి రైతులు, వాళ్ల ఫిడేలు పాటలు మాత్రమే పుస్తకాల్లో కనిపిస్తాయి. వాళ్లకన్నా వేల ఏళ్ల ముందు నుంచి ఆ కొండల్లో ఉన్నవాళ్ల సంగతి చాలామందికి తెలియదు. ఆ కొండలెక్కి, పోడు కొట్టి, ఏటిలో చేపలు పట్టి బతికిన వాళ్ల మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఎలా ఉండగలిగారు అన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. వాళ్లను అమెరికాలో 'ఇండియన్లు' అంటారు. కొలంబస్ మన దేశానికి దారి వెతుక్కుంటూ పోయి, దారి తప్పి, వాళ్లకు మన పేరు తగిలించాడు. అయిదు వందల ఏళ్లు దాటినా ఆ తప్పు పేరు వదలలేదు. ఎవరో బయటివాడు పెట్టిన పేరుతో పిలిపించుకోవడం ఎలా ఉంటుందో మన తెగల్లో చాలామందికి తెలుసు. వాళ్లు మాత్రం తమను తాము 'అనియున్వియ' అని చెప్పుకుంటారు. అసలైన మనుషులు అని దాని అర్థం. ఇంకో పేరు 'అనికిటువాగి', అంటే కిటువా ఊరివాళ్లు. ఈ కిటువా సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

పాత కట్టుబాట్లు

పాతకాలంలో చెరోకీల ఊళ్లు ఏటి పక్క పల్లపు నేలల్లో ఉండేవి. ఊరి మధ్య మట్టి దిబ్బ, దాని మీద అందరూ కూర్చుని మాట్లాడుకునే పెద్ద ఇల్లు, అందులో ఆరిపోని నిప్పు. చుట్టూ మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. ఈ మూడూ కలిపి వేసేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కర్రను పట్టుకుని ఎక్కుతుంది, గుమ్మడి ఆకు నేలను కప్పి కలుపు రానివ్వదు. ఇవాళ మన కొండ చేలల్లో పండే మొక్కజొన్న మనకు వచ్చింది ఆ ఖండం నుంచే. అక్కడి ఆదివాసీ ఆడవాళ్లు వేల ఏళ్లు విత్తనం ఎంచి, దాచి, పెంచిన పంట అది.

కొత్త మొక్కజొన్న చేతికొచ్చినప్పుడు పండుగ చేసేవాళ్లు. పండుగ కాకుండా కొత్త గింజ నోట్లో పెట్టేవాళ్లు కాదు. మన కొత్తల పండుగ తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ రోజు ఇళ్లలో పాత నిప్పు ఆర్పేసి, ఊరి నిప్పు నుంచి కొత్త నిప్పు తెచ్చుకునేవాళ్లు. హత్య తప్ప మిగతా పాత తగాదాలన్నీ ఆ పండుగతో మాఫీ.

వాళ్లకు ఏడు గోత్రాలు: తోడేలు, జింక, పక్షి, రంగు, నీలం, పొడుగు జుట్టు, అడవి దుంప. ఒకే గోత్రంలో పెళ్లి కుదరదు. ఇక్కడిదాకా మనలాగే ఉంది. తేడా ఎక్కడంటే బిడ్డకు గోత్రం తల్లి నుంచి వస్తుంది. ఇల్లు, చేను ఆడవాళ్లవి. పెళ్లయ్యాక మగవాడే భార్య ఇంటికి పోయేవాడు. బిడ్డను దారిలో పెట్టే బాధ్యత తండ్రికన్నా మేనమామ మీద ఎక్కువగా ఉండేది. ఆ రోజుల్లో వచ్చిన తెల్లదొరలు ఇదంతా చూసి, ఇక్కడ ఆడవాళ్లదే రాజ్యం అని ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవాళ్ల దేశాల్లో అప్పటికి పెళ్లయిన ఆడదానికి సొంత ఆస్తి హక్కు కూడా లేదు.

కన్నీటి బాట

దీన్ని వివరంగా చెబితే ఒక పుస్తకం అవుతుంది. ఇక్కడ ముఖ్యమైనవి మాత్రమే చెబుతాం.

1829 నాటికి చెరోకీల దేశంలో, జార్జియా వైపు, బంగారం బయటపడింది. మరుసటి ఏడు, 1830లో, అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసీల తరలింపు చట్టం మీద సంతకం పెట్టాడు. తూర్పున ఉన్న తెగలన్నీ మిసిసిపీ నది అవతలికి పోవాలన్నది దాని సారం. చెరోకీలు కత్తి పట్టలేదు, కోర్టుకు పోయారు. 1832లో సుప్రీంకోర్టు వాళ్ల భూమి మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు చెప్పింది. తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. 1835 చివరలో, పెద్ద నాయకుడు జాన్ రాస్‌కు గానీ చెరోకీ సభకు గానీ సంబంధం లేకుండా కొద్దిమంది చేత న్యూ ఎకోటా అనే చోట ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. 50 లక్షల డాలర్లకు దేశం మొత్తం రాసిచ్చినట్టు. ఆ ఒప్పందం మాది కాదని చెరోకీలు వేల సంతకాలతో అర్జీ పంపారు. అయినా సెనేట్‌లో అది గట్టెక్కింది, ఒకే ఒక్క ఓటు తేడాతో.

1838లో సైన్యం దిగింది. అన్నం ముందు కూర్చున్నవాళ్లను, చేలో ఉన్నవాళ్లను ఉన్నపళంగా తోలుకుపోయి దొడ్లలో పెట్టారు. సుమారు 16 వేల మందిని పడమటికి నడిపించారు. దొడ్లలో, దారిలో, చేరిన తరువాత కలిపి సుమారు 4 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. దాన్నే కన్నీటి బాట అంటారు.

ఇందులో జునలుస్క అనే యోధుడి కథ మరిచిపోలేనిది. 1814లో హార్స్‌షూ బెండ్ యుద్ధంలో చెరోకీలు జాక్సన్ పక్షాన పోరాడారు. అక్కడ జాక్సన్ ప్రాణం కాపాడింది జునలుస్కే అని చెరోకీల ఇళ్లలో చెప్పుకుంటారు. ఆ జాక్సనే అధ్యక్షుడై వాళ్ల మెడ పట్టి గెంటే చట్టం తెచ్చాడు. పడమటికి తోలిన జునలుస్క తరువాత కాలినడకన వెనక్కి వచ్చేశాడు. 1847లో నార్త్ కరోలినా శాసనసభ అతనికి పౌరసత్వం, 337 ఎకరాల భూమి ఇచ్చింది. అతను పుట్టి పెరిగిన కొండల్లో భూమిని అతనికే బహుమతిగా ఇచ్చారన్నమాట. అతని సమాధి రాబిన్స్‌విల్ అనే ఊళ్లో ఉంది.

మిగిలినవాళ్లు

అయితే అందరూ పోలేదు. పడమటి నార్త్ కరోలినా కొండల్లో సుమారు వెయ్యి మంది మిగిలారు. ఈనాటి చెరోకీ ఊరు వాళ్లదే.

వాళ్లెలా మిగిలారంటే అమెరికాలో ఎక్కువమంది చెప్పే కథ సాలీది. సాలీ అనే ముసలి రైతును, అతని కుటుంబాన్ని సైనికులు తోలుకుపోతుంటే తిరగబడ్డారు, సైనికులు చచ్చారు. నీవు లొంగిపోతే కొండల్లో దాక్కున్న మిగతావాళ్లను వదిలేస్తామని సైన్యం చెప్పిందనీ, జాతి కోసం అతను తనంతట తాను వచ్చి తుపాకులకు ఎదురు నిలబడ్డాడనీ ఆ కథ. 1950 నుంచి చెరోకీ ఊళ్లో ప్రతి వేసవిలో కొండవాలు మీద బయలు రంగస్థలంలో ఆడుతున్న పెద్ద నాటకం ఈ కథ చుట్టూనే నడిచింది. లక్షలాది జనం చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు.

రికార్డులు చూసిన చరిత్రకారులు ఇంకోలా చెబుతారు. సాలీ తనంతట తాను రాలేదు. కొండల్లోనే దాక్కున్న యూచెల్లా అనే నాయకుడి మనుషులు అతన్ని పట్టుకున్నారు. 1838 నవంబరులో కాల్చింది కూడా చెరోకీలే. దానికి బదులుగా యూచెల్లా జనాన్ని అక్కడ ఉండనిచ్చారు. వినడానికి ఇది చేదుగా ఉంది. కానీ మనం చరిత్ర చదివేటప్పుడు మనవాళ్లు చేసిన త్యాగాలతో పాటు, మెడ మీద కత్తి ఉన్నప్పుడు మనవాళ్ల చేత చేయించిన పనులు కూడా చదవాలి. సాలీ వీరుడు కాదని మేము అనడం లేదు. అతని ఒక్కడి ప్రాణంతోనే ఊరు నిలబడిందనడం మాత్రం సగం నిజం.

మిగతా సగం అంత రసవత్తరంగా ఉండదు. అది దస్తావేజుల కథ, అందుకే నాటకం వేయరు. మన యువతకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే.

1817, 1819 ఒప్పందాల్లో ఒక చిన్న అంశం ఉంది. తెగ భూమి నుంచి విడిగా, కుటుంబానికి 640 ఎకరాలు తీసుకుని రాష్ట్ర పౌరులుగా బతకదలచినవాళ్లు అలా చేయవచ్చు. ఓకొనలఫ్టీ ఒడ్డున ఉన్న సుమారు 60 కుటుంబాలు, యోనగుస్క అనే పెద్ద వెనుక, ఆ దారి పట్టాయి. కాబట్టి 1838 తరలింపు తమకు వర్తించదని వాళ్లు వాదించారు. యోనగుస్క మాటలో దమ్మున్నవాడు. తానూ తాగేవాడే, మానేశాడు. ఊరందరి చేత సారా మానేస్తామని మాట తీసుకున్నాడు. బయటి వ్యాపారి మొదట సారా సీసా ఇస్తాడు, తరువాత కాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. ఆ సంగతి అతనికి తెలుసు. మనకు కొత్తగా చెప్పేదేముంది.

యోనగుస్క ఒక తెల్లపిల్లవాడిని పెంచుకున్నాడు. పేరు విలియం హాలండ్ థామస్. పుట్టకముందే తండ్రి పోయాడు. పన్నెండు పదమూడేళ్ల వయసులో చెరోకీల మధ్య ఒక దుకాణంలో పనికి కుదిరాడు. చెరోకీ భాష నేర్చుకున్నాడు. దుకాణం యజమాని జీతం ఇవ్వలేక పాత లా పుస్తకాలు ఇస్తే అవే చదివి వకీలు పని నేర్చాడు. 1839లో యోనగుస్క చనిపోయాక ఈ థామసే చెరోకీల తరఫున రాజధాని వాషింగ్టన్‌కు తిరిగాడు. ఆ రోజుల్లో చెరోకీల పేరు మీద భూమి రాయించుకుంటే నిలుస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి చెరోకీలు కూడబెట్టిన డబ్బు, ప్రభుత్వం నుంచి వాళ్లకు రావలసిన సొమ్ము పెట్టి థామస్ తన పేరు మీద భూములు కొంటూ పోయాడు. తోడేలు ఊరు, పక్షి ఊరు, రంగుల ఊరు అని గోత్రాల పేర్లతో పల్లెలు లేచాయి. ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తరతరాలుగా తమదైన భూమిని, ఇంకొకడు దోచుకున్న భూమిని, వీళ్లు డబ్బిచ్చి కొన్నారు. అదీ ఇంకొకడి పేరు మీద. బినామీ భూములంటే మన ఏజెన్సీలో ఎదుటివాళ్లు మన పేరు వాడుకోవడం చూశాం. ఇక్కడ ఆదివాసీలే బయటివాడి పేరు వాడుకోవలసి వచ్చింది.

థామస్ మంచివాడే కావచ్చు, కానీ అప్పులపాలయ్యాడు. 1861 నుంచి 1865 వరకు సాగిన అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడాడు, కొన్ని వందల మంది చెరోకీ యువకులను తన పటాలంలో చేర్చాడు. యుద్ధం ఓడిపోయింది. మశూచి వచ్చి ఊళ్లో చాలామందిని తీసుకుపోయింది. థామస్‌కు మతి చలించింది. అప్పులవాళ్లు వచ్చి అతని పేరు మీద ఉన్న భూములన్నీ జప్తు చేసుకున్నారు. చెరోకీలు కొనుక్కున్న కొండలు కూడా అందులో పోయాయి. మనిషిని నమ్మి కాగితం వదిలేస్తే ఏమవుతుందో దీనికన్నా పెద్ద ఉదాహరణ మాకు దొరకలేదు.

అప్పుడు మళ్లీ కోర్టు. 1866లోనే నార్త్ కరోలినా వాళ్లకు అక్కడ ఉండే హక్కుందని ఒప్పుకుంది. 1868లో చెరోకీలు తమ సొంత నియమావళి రాసుకున్నారు. కేంద్ర ప్రభుత్వం వాళ్ల తరఫున దావా వేసింది. 1874లో మధ్యవర్తులు లెక్కలన్నీ చూసి, ఈ భూములు చెరోకీల డబ్బుతో కొన్నవే అని తేల్చారు. ఇంకా మిగిలిన బాకీ కూడా చెరోకీల నిధుల నుంచే కట్టారు. 1876లో సర్వే జరిగి హద్దురాళ్లు పడ్డాయి. ఆ నేలను 'క్వాలా హద్దు' అంటారు. ఇవాళ అది సుమారు 57 వేల ఎకరాలు. మిగతా తెగల భూముల్లాగా ప్రభుత్వం విడిచిపెట్టిన రిజర్వేషన్ కాదు, కొన్నది. 1889లో రాష్ట్రం వాళ్లను ఒక కార్పొరేషన్‌గా గుర్తించింది. అంటే తెగ తన పేరు మీదే ఆస్తి పెట్టుకోవచ్చు, కోర్టులో నిలబడవచ్చు.

చివరి గండం 1887లో మొదలైంది. ఉమ్మడి భూమిని ముక్కలు చేసి ఎవరి పట్టా వాళ్లకిచ్చే చట్టం ఆ ఏడు వచ్చింది. వినడానికి మేలు చేసినట్టే ఉంటుంది. ఫలితం చూడండి: 1887లో అమెరికా ఆదివాసీల చేతుల్లో సుమారు 13.8 కోట్ల ఎకరాలుంటే 1934 నాటికి మిగిలింది సుమారు 4.8 కోట్ల ఎకరాలు. విడి పట్టా చేతికి రాగానే పన్ను, అప్పు, వేలం. చెరోకీ ఊరికి కూడా 1924లో ఈ చట్టం వర్తింపజేశారు. సభ్యుల జాబితా తయారైంది, భూమి కేంద్ర ప్రభుత్వ ట్రస్టులోకి పోయింది. ముక్కలు చేసే పని మాత్రం జరగలేదు. అందువల్లే ఆ భూమి నేటికీ ఉమ్మడిది. కుటుంబాలకు అనుభవ హక్కు ఉంటుంది, వారసులకు పోతుంది, తెగలోనివాళ్లకు అమ్ముకోవచ్చు. బయటివాళ్లకు అమ్మడానికి లేదు. మన 1/70 చట్టం గురించి, అది అడ్డంకి, ఎత్తేయాలి అని ఎవరైనా మీకు చెబితే ఈ రెండు అంకెలు గుర్తు చేయండి: 13.8, 4.8.

బదులు పని, బడి, బుట్టలు

ఊరి బతుకులో అన్నిటికన్నా మాకు నచ్చినది 'గడుగి'. కొంతమంది కలిసి ఒక జట్టు. జట్టుకొక పెద్ద. ఈ వారం ఒకరి చేను కలుపు తీస్తారు, వచ్చే వారం ఇంకొకరిది. రోగం వచ్చి మంచాన పడ్డవాడి చేనుకు అడగకుండానే పోతారు. ఎవరైనా చనిపోతే గొయ్యి తీసేది, పెట్టె చేసేది కూడా వాళ్లే. ఇల్లుగలవాళ్లు అందరికీ అన్నం పెట్టాలి. మన ఊళ్లల్లో బదులు పనికి పోవడం, ఇంటి కప్పు వేసేనాడు ఊరంతా దిగడం తెలిసినవాళ్లకు ఇది పొరుగూరి సంగతిలాగానే ఉంటుంది. గడుగి అన్న మాటను చెరోకీలు ఇప్పటికీ వాడతారు. పాతరకం జట్లు పోయినా రోగులకు విరాళాలు పోగుచేయడం, ముసలివాళ్లకు పొయ్యికట్టెలు కొట్టి ఇవ్వడం ఆ పేరుతోనే చెప్పుకుంటారు.

ఇక బుట్టలు. ఏటి ఒడ్డున పెరిగే ఒక సన్న వెదురును చీల్చి, వాల్‌నట్ వేరుతో, ఇంకో ఎర్రని దుంపతో రంగులు వేసి ఆడవాళ్లు అల్లుతారు. ఒక బుట్టలో ఇంకో బుట్ట ఉన్నట్టు రెండు పొరలుగా అల్లే పద్ధతి అన్నిటికన్నా కష్టం. అది దాదాపు అంతరించిపోయే దశలో లాటీ స్టాంపర్ అనే ఆమె దాన్ని మళ్లీ పట్టుకుని బడి పిల్లలకు నేర్పింది. 1946లో చేతిపనివాళ్లే ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. దళారీ లేకుండా, ధర తామే పెట్టి అమ్ముకుంటారు. సరుకు చేసేవాళ్లే దుకాణం యజమానులు. మన దగ్గర తట్టలు, చాటలు అల్లేవాళ్లు సంతలో గిట్టని ధరకు ఇచ్చిపోవడం చూసినప్పుడల్లా ఆ సంఘం గుర్తొస్తుంది.

బడి సంగతి ఇంత బాగా లేదు. 1880ల్లో క్వేకర్లనే క్రైస్తవులు పెట్టిన హాస్టల్ బడిని తరువాత ప్రభుత్వం తీసుకుంది. చెరోకీలో మాట్లాడితే దెబ్బలు, సబ్బుతో నోరు కడగడం. చిన్నపిల్లలు ఇంటికి పారిపోతే వెతికి పట్టుకొచ్చేవాళ్లు. 1954 దాకా ఆ హాస్టల్ నడిచింది. అక్కడ దెబ్బలు తిన్నవాళ్లు తల్లిదండ్రులయ్యాక, నా బిడ్డకు ఈ బాధ వద్దు అని ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడారు. భాష తెగిపోయింది అక్కడే. ఒక వింత ఉంది. అదే భాషను 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, అమెరికా సైన్యం వాడుకుంది. ఫ్రాన్స్ యుద్ధభూమిలో చెరోకీ సైనికులు ఫోన్లలో తమ భాషలో కబురు చెబితే జర్మన్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పోరాడిన కుర్రవాళ్లు ఊరికొచ్చి ఓటు వేద్దామంటే స్థానిక అధికారులు పేరు నమోదు చేసుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్లు కొట్లాడాక గానీ ఆ గేటు తెరుచుకోలేదు.

కారులో వచ్చిన జనం

1934లో ఊరి పక్కనే స్మోకీ పర్వతాల జాతీయ పార్కు ఏర్పడింది. ఇప్పుడు ఏటా కోటి మందికి పైగా వస్తారు. పార్కుకు దక్షిణ ద్వారం చెరోకీ ఊరే. కొండల మీదుగా పోయే ఒక సుందరమైన రహదారిని మొదట వీళ్ల మంచి సాగు లోయ గుండా వేస్తామన్నారు. వెడల్పాటి భూమి పోతుంది, పైగా దాని పక్క దుకాణం పెట్టుకునే హక్కు ఉండదు. తెగ సభ ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరకు రోడ్డు కొండ శిఖరం మీదికి పోయింది, లోయలో మామూలు రోడ్డు వచ్చింది. దుకాణాలు దాని పక్కనే లేచాయి.

దుకాణాల ముందు మగవాళ్లు తలనిండా ఈకల కిరీటం పెట్టుకుని, తోలు గుడారం పక్కన నిలబడి, ఫోటోకు ఇంత అని తీసుకునేవాళ్లు. ఆ కిరీటం, ఆ గుడారం చెరోకీలవి కావు. అవి వేల కిలోమీటర్ల అవతలి మైదాన తెగలవి. సినిమాల్లో చూసిందే పర్యాటకులకు కావాలి, పిల్లలకు అన్నం వీళ్లకు కావాలి. దీన్ని తప్పుపట్టడం తేలిక. మన కొండ ఊళ్లకు వచ్చే పర్యాటకుల ముందు మన నాట్యం ఏ బట్టల్లో, ఎంతసేపు, ఎవరి పాటకు ఆడిస్తున్నారో చూశాక మేమైతే తప్పుపట్టలేం. వేసవి నాటకంలో కూడా చాలాకాలం ముఖ్య పాత్రలు తెల్లవాళ్లే వేశారు. 2006లో ఒక ఆదివాసీ రచయిత దాన్ని తిరిగి రాశాడు.

1997లో తెగ తన భూమి మీద పెద్ద జూదశాల తెరిచింది. దీని మీద ఆ ఊళ్లోనే రెండు అభిప్రాయాలు. లాభంలో సగం తెగ పనులకు, ఆసుపత్రికి, బడికి పోతుంది. సగం సభ్యులందరికీ సమానంగా పంచుతారు, పిల్లల వాటా పెద్దయ్యేదాకా దాచిపెడతారు. ఆ ప్రాంతపు పిల్లల మానసిక ఆరోగ్యం మీద 1993 నుంచి డ్యూక్ విశ్వవిద్యాలయం అధ్యయనం చేస్తూ వచ్చింది. నడిమధ్యలో ఈ డబ్బు రావడంతో పోల్చి చూసే వీలు కలిగింది. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లలో పిల్లల మొండి ప్రవర్తన, తగాదాలు తగ్గాయని 2003లో ప్రకటించారు. ముఖ్య కారణం ఏమంటే తల్లిదండ్రులకు పిల్లలను చూసుకునే తీరిక దొరికింది. జూదం డబ్బు మంచిదా అంటే మాకు మనసొప్పదు. కానీ మన పిల్లలు చెడిపోవడానికి కారణం మన సంస్కృతే అని చెప్పేవాళ్లకు ఈ అధ్యయనం చూపించవచ్చు.

అక్షరాలు

చెరోకీలకు సొంత లిపి ఉంది. 1821 నాటికి సెక్వోయా అనే వెండిపనివాడు దాన్ని తయారు చేశాడు. అతనికి ఇంగ్లిష్ చదవడం, రాయడం రాదు. తెల్లవాళ్లు ఆకుల మీద మాట్లాడుకుంటున్నారని చూసి పట్టుదలతో సుమారు పన్నెండేళ్లు కూర్చున్నాడు. జనం పిచ్చివాడన్నారు. మొదట నేర్చుకున్నది అతని చిన్న కూతురు. ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు, మొత్తం 85 గుర్తులు. తెలుగులో 'క', 'ల' రాసినట్టే అందులోనూ అచ్చు, హల్లు కలిసే ఉంటాయి. చూడడానికి కొన్ని ఇంగ్లిష్ అక్షరాల్లా ఉంటాయి గానీ పలుకు వేరు: డబ్ల్యూ ఆకారం 'ల', టి ఆకారం 'ఇ'. కొన్నేళ్లలోనే చెరోకీల్లో చదువొచ్చినవాళ్లు చుట్టుపక్కల తెల్లవాళ్లను మించిపోయారు. 1828లో సొంత పత్రిక తెచ్చారు. మందుల మంత్రాలు తెలిసిన పెద్దలు వాటిని ఈ లిపిలో పుస్తకాల్లో రాసి దాచుకున్నారు. 1887 నుంచి జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు వచ్చి వాటిని సేకరించాడు. మన సవరలకు 1936లో మంగేయి గొమాంగో సొంత లిపి ఇచ్చాడు. ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. చెరోకీ లిపి దానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే వచ్చింది.

అయినా లిపి ఉన్నంత మాత్రాన భాష బతకలేదు. ఊళ్లో వీధుల పేర్లు ఆ అక్షరాల్లోనే ఉంటాయి, చదవగలిగేవాళ్లు తక్కువ. తూర్పు చెరోకీల్లో భాష ధారాళంగా వచ్చినవాళ్లు 2019 నాటికి సుమారు రెండు వందల మందే, ఎక్కువగా ముసలివాళ్లు. 2019లో మూడు చెరోకీ తెగల ప్రభుత్వాలూ కలిసి భాషకు అత్యవసర స్థితి ప్రకటించాయి. 2004లో మొదలుపెట్టిన ఒక బడిలో పసిపిల్లలకు లెక్కలు, సైన్సు అన్నీ చెరోకీలోనే చెబుతారు. పాఠాలకు కొత్త మాటలు కావాలంటే ముసలివాళ్లు కూర్చుని పుట్టిస్తారు.

కిటువా, కువోహి

ఇప్పుడు కిటువా. చెరోకీల ఊళ్లన్నిటికీ తల్లి ఊరు అది. 1819 తరువాత చేజారిపోయింది. ఆ దిబ్బను తెల్లరైతులు దున్నీ దున్నీ మనిషి ఎత్తుకు తెచ్చారు. 1996లో తెగ ఆ 309 ఎకరాలను తిరిగి కొనుక్కుంది. మళ్లీ డబ్బిచ్చే. అక్కడ హోటలు కట్టాలా, గోల్ఫు మైదానం కట్టాలా అని మాట్లాడినవాళ్లూ ఉన్నారు. ఏమీ కట్టలేదు. దిబ్బ మీదికి తమ తమ ఊళ్ల నుంచి గుప్పెడు మట్టి, బూడిద తెచ్చి పోస్తున్నారు, మళ్లీ ఎత్తు పెంచడానికి. 2010 ప్రాంతంలో ఒక విద్యుత్ సంస్థ దానికి ఎదురుగా సబ్‌స్టేషన్ కట్టబోతే తెగ అడ్డుకుంది, సంస్థ వేరే చోటు చూసుకుంది.

పార్కులో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 6,643 అడుగులు. చెరోకీలకు అది కువోహి, అంటే మల్బరీ చెట్ల చోటు. పందొమ్మిదో శతాబ్దంలో ఒక సెనేటరు పేరు దానికి పెట్టారు. ఆయన దక్షిణాది పక్షాన యుద్ధంలో సేనానిగా పనిచేసినవాడు. చెరోకీ తెగలోని ఇద్దరు మహిళలు 2022లో పేరు మార్పు కోసం కదిలారు, తెగ సభ వెంట నిలిచింది. 2024 సెప్టెంబరు 18న పాత పేరు తిరిగి వచ్చింది. ఏటా కొన్ని పూటలు పార్కు అధికారులు ఆ శిఖరం దారిని పర్యాటకులకు మూసేస్తారు. ఆ పూటల్లో బడి పిల్లలు పైకి వెళతారు. తెగ పెద్దలు, భాష వచ్చినవాళ్లు అక్కడ వాళ్లకు కథలు చెబుతారు.